కొత్తిండ్ల వీధి కొళాయి

ఆ టౌను పేరు చెబితే అక్కడి పెద్దలు నొచ్చుకుంటారు గనక చెప్పను. పుంగనూరుకూ మదనపల్లెకూ నడుమ ఎక్కడో ఉందనుకోండి. తొంభై ఎనిమిది ఎండాకాలంలో ఆ ఊరి మునిసిపాలిటీ కబుర్లన్నీ ధనుంజయ నోటి నుంచే జనానికి చేరేవి. పోలియో చుక్కలనీ, ఇంటిపన్ను గడువనీ, కంటి వైద్య శిబిరమనీ ఆఫీసులో రాసిచ్చిన కాగితాన్ని, ఆటోకు మైకు కట్టుకుని వీధివీధికీ చదువుకుంటూ పోయేవాడు. గొంతు మంచిది. జనం నమ్మేవాళ్లు.

అందరికంటే ఎక్కువ నమ్మింది వాళ్లక్క చిన్నక్క. తల్లి పోయాక అతన్ని చంకనేసుకుని పెంచిన మనిషి. మొగుడు పోయాడు, పిల్లలు లేరు, కొత్తిండ్ల వీధిలో ఒంటరిగా ఉండేది. ఆ వీధికి నీళ్లు లేవు. ఊరి బయట రైతు మోటారు దగ్గరికి పోయి బిందెతో మోసుకురావాలి.

ఆ ఏడు వీధి చివర కొళాయి పెట్టారు. పైపులోకి నీళ్లూ వచ్చాయి. కానీ పెద్దాయనెవరో వచ్చి ప్రారంభోత్సవం చేసేదాకా ఎవరూ తిప్పకూడదని వాల్వు కట్టేసి, కొళాయికి గోనెపట్ట చుట్టి ఇనుప తీగతో బిగించారు. ఇంటి ముందు నీళ్లుంచుకుని తాగకూడదనే తెలివి ఆఫీసులకే పుడుతుంది.

ప్రారంభోత్సవానికి మొదట పెట్టిన తేదీని ధనుంజయే చాటాడు. మైకు వినగానే చిన్నక్క గడపలోకి వచ్చింది.

“నిజమేనా అబ్బోడా?”

“నిజమేనక్కా. ఆదివారం పెద్దాయన వస్తాండాడు.”

పెద్దాయనకు కుప్పంలో ఎవరిదో పెండ్లి తగిలింది. వాయిదా. రెండోసారి పెట్టిన తేదీకి, కుప్పం నుంచి తెస్తున్న శిలాఫలకం దారిలో రెండు ముక్కలైంది. పేరు చెక్కిన రాయి లేకుండా కొళాయి తిప్పితే పుణ్యం ఎవరి ఖాతాలో పడుతుంది? మళ్లీ వాయిదా. ఆ సంగతీ ధనుంజయే చాటాలి.

ఆ రోజు అక్క ఆటోకు అడ్డంగా నిలబడింది.

“ఒక్క బిందె పట్టుకుంటాను. వాల్వు తిప్పే రాడ్డు రెడ్డెప్ప దగ్గరే ఉండాది గదా, ఆయప్ప నీ జతగాడే. ఒక తూరి తిప్పమని అడగరాదా? మోకాళ్లు ఇంక నా మాట ఇనేట్టు లేవు.”

“కమిషనరు సారుకు తెలిస్తే నా ఉద్యోగం యాడుంటాదక్కా? నాలుగు దినాలు ఓర్చుకో. ఈ తూరి ఖాయం.”

మునిసిపాలిటీ నీళ్ల లైన్‌మన్ రెడ్డెప్ప రోజూ అతనితో టీ తాగేవాడే. అడిగితే కాదనడని ధనుంజయకు తెలుసు. అయినా అడగలేదు.

మూడోసారి పెట్టిన తేదీ నాడు వీధికి మామిడాకులు కట్టారు. చిన్నక్క బిందెను చింతపండుతో తళతళా తోమి గడపలో పెట్టుకుంది. పొద్దెక్కాక కమిషనర్ హరినాథ్ ధనుంజయను పిలిచి ఇంకో కాగితం చేతికిచ్చాడు. పెద్దాయన మదనపల్లె మీటింగులో చిక్కుకున్నాడు.

“అనివార్య కారణాల వల్ల నేటి కార్యక్రమం వాయిదా పడినది” అని కొత్తిండ్ల వీధిలో చదివేసరికి చిన్నక్క గడపలోకి వచ్చింది. ఈసారి ఏమీ అడగలేదు. బిందె చంకన పెట్టుకుని, మండే ఎండలో మోటారు దారి పట్టింది. ధనుంజయ చూశాడు. ఇంకా చాటాల్సిన వీధులున్నాయి. సాయంత్రం వచ్చి సముదాయిద్దామనుకుని ఆటో కదిలించమన్నాడు.

మధ్యాహ్నానికి కబురొచ్చింది. చిన్నక్క మోటారు గట్టున పడిపోయి ఉంది. వడదెబ్బ. పక్కనే నిండు బిందె.

ఆ వైపు ఆడమనిషి పోతే పుట్టింటివాళ్లు కోక తేవాలి. ఆమెకు పుట్టిల్లంటే ధనుంజయ ఒక్కడే. తెచ్చాడు. శవానికి స్నానం చేయించాలి, నీళ్లు కావాలన్నారు ఆడవాళ్లు. బిందెలతో మోటారు వైపు బయల్దేరిన వాళ్లను ఆపి, అతను రెడ్డెప్ప ముందు చెయ్యి చాపాడు. రెడ్డెప్ప రాడ్డు ఇచ్చాడు.

వాల్వు తిప్పాడు. తీగ విప్పి గోనెపట్ట పీకేశాడు. ముందు తుప్పునీళ్లు వచ్చాయి. అవి కాలువలో పోయేదాకా ఆగి, తేట నీళ్లను అక్క బిందెలోనే పట్టాడు. ఒక్క బిందె అడిగిన మనిషికి ఎన్నో బిందెలు మోశాడు. ఎవరూ అడ్డు చెప్పలేదు, ఏ ఉద్యోగమూ పోలేదు. ఇంత సులువైన పనా ఇది అని కుళ్లి కుళ్లి ఏడ్చాడు.

సాయంత్రం కమిషనర్ పూలదండతో వచ్చి భుజం తట్టాడు. “జరిగిందేదో జరిగిపోయిందయ్యా. ఆ గోనెపట్ట మాత్రం మళ్లీ కట్టించు.”

కట్టారు.

కర్మాంతరాలయ్యాక పెద్దాయనకు తీరిక దొరికింది. కొత్త కాగితాన్ని ధనుంజయ తడబడకుండా వీధులన్నిటా చదివాడు. కొత్తిండ్ల వీధిలో, అలవాటు కొద్దీ, అక్క ఇంటి ముందు ఆటో ఆగింది. తలుపుకు తాళం. రేపు ఉదయం కొళాయి ప్రారంభోత్సవమని, వీధి ప్రజలంతా రావాలని చదివాడు. చుట్టుపక్కల గడపల్లోకి జనం వచ్చారు గానీ, నిజమేనా అని అడిగే మనిషి లేదు.

అతను కాగితం మడిచి, తాళం వైపు చూశాడు.

“నిజమేనక్కా,” అన్నాడు. “ఈ తూరి నిజమే.”

మైకు ఆపడం మరిచిపోయాడు. వీధంతా విన్నారు.