కడుపునొప్పి తాళలేక

"పేపర్లు అతికేదానికి తెస్తే చదువుకుంటా కూర్చుంటావేందే?" అని మా ఆయన అశ్వత్థనారాయణ అంగట్లోంచి కేకేశాడు. ప్రొద్దుటూరు బజారులో మాది చిల్లరంగడి. వెనక ఇల్లు. పాత పేపర్లు చించి, మైదా గంజి పూసి, సంచులు అతకడం నా పని. వంట, గిన్నెలు, అత్తమామల సేవ అన్నీ అయ్యాక చేసేది కాబట్టి దాన్ని ఎవరూ పనిలో జమకట్టరు. "ఊరికే కూర్చునేదానికి బదులు" అంటారు. నేను ఊరికే ఎప్పుడు కూర్చున్నానో నాకైతే గుర్తు లేదు.

చదవడం మాత్రం మానలేదు. ఆ ముక్కల్లోనే నాకు లోకం కనిపించేది. కర్నూలు రాజధాని అయిందనీ, అక్కడ డేరాల్లో సర్కారు కచేరీలు పెట్టారనీ అట్లాగే తెలిసింది. ఖాజీపేట దగ్గర వాగులో కొట్టుకుపోతున్న పరాయి బిడ్డ కోసం ఎవరో దూకాడట. అతని పేరున్న చోట పేపరు చిరిగిపోయింది. ఆ ముక్కను సంచి చేయబుద్ధి కాక దిండు కింద పెట్టుకున్నాను. అట్లాంటివి ఎప్పుడో ఒకటి. తరచూ కనిపించేది ఇంకో వార్త. పులివెందులలో ఒక వివాహిత కడుపునొప్పి తాళలేక బావిలో దూకింది. జమ్మలమడుగులో ఇంకొకామె, కడుపునొప్పి తాళలేక. ఊరు మారుతుంది, పేరు మారుతుంది, నొప్పి మాత్రం మారదు. ఈ నొప్పి మగవాళ్ళకు రాదా అని మొదట్లో నవ్వుకున్నాను. తర్వాత నవ్వు రాలేదు. కడుపునొప్పి అని పోలీసులకు ఎవరో ఒకరు చెప్పాలి కదా! చచ్చిపోయినామె చెప్పదు. జనం ఆ వార్తల్లోనే బెల్లం కట్టించుకుని ఇళ్ళకు పోతారు.

నా ఆడబిడ్డ గౌరి జమ్మలమడుగు అత్తింటి నుంచి వచ్చి నెల దాటింది. చేతిమీద వాత ఉంది. పొయ్యి దగ్గర కాలిందని చెప్పింది మొదట. తర్వాత ఒకరోజు నా ఒళ్ళో తలపెట్టి ఏడ్చింది. బిడ్డలు పుట్టలేదని మొగుడికి రెండో సంబంధం చూస్తున్నారట. ఆ పిల్ల తరఫువాళ్ళు, మొదటిది ఉండగా మా పిల్లను ఇవ్వం అన్నారట. మా ఆయనకు చెప్పాను. "ఆడదన్నాక సర్దుకోవల్ల. పుట్టింట్లో ఎన్నాళ్ళుంటాది? నేను బజార్లో తలెత్తుకుని తిరగొద్దా?" అన్నాడు.

ఆరోజు మధ్యాహ్నం గౌరిని తీసుకుపోవడానికి వాళ్ళత్త తిరుపాలమ్మ వచ్చింది. లోపలికి రాలేదు. అంగడి అరుగుమీదే కూర్చుంది. బేరానికి వచ్చినవాళ్ళలో మగ్గాల వీధి దిల్షాద్‌బీ కూడా ఉంది. అందరికీ వినపడేటట్టు తిరుపాలమ్మ మొదలుపెట్టింది.

"మీ చెల్లెలు బంగారం నాయనా. ఒకటే బాధ. మాటిమాటికీ కడుపునొప్పి అంటాంటాది. ఆ నొప్పిలో ఏం చేసుకుంటాదో ఏమోనని మాకు శానా భయం."

నా చెయ్యి గంజిలోనే ఆగిపోయింది. ఈమె వార్తను ముందే తయారు చేసుకుని వచ్చింది.

లోపల గౌరి చీరలు మడత పెడుతోంది.

"నీకు కడుపునొప్పి వస్తాదా?" అని అడిగాను.

"నాకేం నొప్పి వదినా? నిన్న నీతో సమానంగా సంగటి తినలేదా?" అంది, నా మొహం చూసి బెదురుతూ.

అంగడి తెరిచి ఉండగా ఆడవాళ్ళం గడప దాటకూడదు. కాపురానికి వచ్చినప్పటి నుంచీ నేను దాటలేదు. ఆరోజు గంజి చేతులతోనే పోయి తక్కెడ పక్కన నిలబడ్డాను.

"పెద్దమ్మా, గౌరికి కడుపునొప్పి లేదు. ఎప్పుడూ లేదు. నీ వెంట పంపించను."

"ఏందప్పా ఇది? నీ పెండ్లాము అంగట్లోకొచ్చి నాకు జవాబు చెప్తాంది!" అని తిరుపాలమ్మ లేచింది.

మా ఆయన నవ్వాడు. పరువు పోయేటప్పుడు ఆయనకు వచ్చే నవ్వు అది.

"ఏమనుకోవద్దత్తా. దీనికీ ఈ మధ్య బాగలేదు. ఒకటే కడుపునొప్పి."

ఎంత సులభంగా వచ్చిందో ఆ మాట! ఆలోచించి అన్నాడో, నోటికి వచ్చింది అన్నాడో నాకు తెలియదు. ఇన్నేళ్ళూ పక్కన పడుకున్న మనిషి. భయమేసింది. ఈసారి గౌరి కోసం కాదు.

దిల్షాద్‌బీ చింతపండు పొట్లం కింద పెట్టి, ఇంటి గడపకు అడ్డంగా కూర్చుంది. "జమ్మలమడుగు బస్సు పోయిందాక ఈడనే ఉంటాను. ఆ పిల్లను ఎవరు తీసుకపోతారో చూస్తా," అంది.

వాగులో దూకినాయన పేరు నాకు ఎప్పటికీ తెలియదు. ఈమె పేరు తెలుసు.

"దిల్షాద్‌బీ," అన్నాను, మా ఆయన కళ్ళలోకే చూస్తూ, "నాకు కూడా ఏ నొప్పీ లేదు. రేపు ఎవరైనా అడిగితే చెప్పు."