బద్వేలు రెండో దారి

షాహనాకు పెళ్లయి ఇరవై రోజులు. కడప ఆసుపత్రిలో నెట్‌వర్క్ చూసుకునే ఉద్యోగం ఆమెది. బద్వేలు, ఎర్రగుంట్ల శాఖల్లో తీసిన స్కాన్లు కడప డాక్టరుకు చేరడానికి ఒక్కోచోట ఒక చిన్న పెట్టె బిగించింది. దానికి రెండు దారులు: కేబుల్ ఒకటి, సిమ్ ఒకటి. ఒకటి తెగితే పెట్టె తనంతట తానే రెండోదానికి మళ్లుతుంది. ఏ దారిన పోయినా రోగి వివరాలు మధ్యలో ఎవరి కంటా పడవు. తెర మీద శాఖలన్నీ పచ్చగా వెలుగుతుంటే ఆమెకు కొత్త గాజులు వేసుకున్నంత సంబరం.

బుధవారం బద్వేలు సిమ్ గుర్తు ఎర్రబడింది. కేబుల్ బాగానే ఉంది కదా, శనివారం పోదాంలే అనుకుంది. శుక్రవారం జుమాగీ మరి. కొత్త దంపతులను పుట్టింటివాళ్లు ఐదు శుక్రవారాలు పిలిచి పెట్టే విందు అది.

ఆ శుక్రవారం మధ్యాహ్నం బద్వేలులో రోడ్డు తవ్వుతూ కేబుల్ తెంపేశారు. అదే పూట ఆ ఊళ్లో మగ్గం నేస్తున్న నాగలత పక్కకు ఒరిగిపోయింది. కుడిచేయి పడిపోయింది, మాట ముద్దయింది. శాఖలో వెంటనే స్కాన్ తీశారు. మెదడులో రక్తం గడ్డకట్టి ఉంటే ఇంజెక్షన్ ప్రాణం నిలుపుతుంది. నరం చిట్లి ఉంటే అదే ప్రాణం తీస్తుంది. ఏదో తేల్చాల్సింది కడప డాక్టరు. ఫోన్లో పంపిన ఫొటోలు చాలవన్నాడు. బద్వేలు వాళ్లు కాసేపు ఊరికే ఎదురుచూశారు. మీరేం చేయొద్దు, అదే చూసుకుంటుందని చెప్పింది షాహనాయే కదా. తర్వాత ఆమెకు ఫోన్ మీద ఫోన్ చేశారు.

పుట్టింటి విందులో షాహనా బ్యాగులో ఫోను మోగుతూనే ఉంది. ఇవతల భర్త షబ్బీర్ తన పళ్లెంలో ముక్కలు ఆమెకు వేసి నవ్విస్తున్నాడు. చేయి కడుక్కుని ఫోను చూసేసరికి నలభై నిమిషాలు గడిచాయి.

వెంటనే తిరిగి చేస్తే అవతల ఎత్తింది శాఖ కాపలాదారు తిమ్మయ్య.

"తిమ్మన్నా, పెట్టె యాడుండాది?"

"బీరువాలో పెట్టి తాళమేసినానమ్మా. ఎలుకలు శానా ఉండాయి ఈడ. వైర్లకు వెనకాల బొక్క గూడా పెట్టినా."

ఇనప బీరువాలోకి సిమ్ సిగ్నల్ చొరదు. ఎప్పుడు పెట్టావని షాహనా అడగలేదు; గుర్తు ఎర్రబడింది బుధవారమే. తీసి కిటికీలో పెట్టమంది. నాలుగు నిమిషాలకు స్కాన్ కదిలింది. గడ్డే. ఇంజెక్షన్ ఇచ్చి నాగలతను కడపకు తెచ్చారు.

మరునాడు బద్వేలు పోయే ముందు షాహనా వార్డుకు వెళ్లింది. నాగలత నిద్రపోతోంది. మాట కొంచెం తిరిగిందట. ఆమె భర్త ఓబులేష్ లేచి చేతులు జోడించాడు.

"నీ పెట్టె బతికించిందంట తల్లీ."

ఊరుకుంటే ఎవరికీ తెలియదు. కానీ ఆ చేతుల కేసి చూడలేకపోయింది.

"నలభై నిమిషాలు ఆలస్యమైందన్నా. అది సరిగా లేదని బుధవారమే చూసినా. మా ఇంట్లో విందుందని రాలేదు."

ఓబులేష్ చేతులు దించాడు. భార్య కుడిచేతి వేళ్లను ఒక్కొక్కటే విప్పి, ముడిచాడు. వాటంతట అవి కదలలేదు.

"ఇప్పుడు బాగుండాదా ఆ పెట్టె?"

"ఇంకా పోయి చూడలేదన్నా. ఇప్పుడే పోతాండా."

"అయితే పో తల్లీ. ఈడ నిలబడి ఏంజేస్తావు?"

షాహనా తలవంచుకుని మెట్లు దిగింది.