ఇంటూ గుర్తు పెట్టిన చోట

శశికాంత్‌కి ముప్పై ఎనిమిదో ఏట మోటార్ సైకిల్ పిచ్చి తిరగబెట్టింది. ఒంగోలులో కాలేజీకి వెళ్ళే రోజుల్లో వాళ్ళన్నయ్య బండి బతిమాలి తీసుకుని తోలేవాడు. ఆ తరవాత పెళ్ళి, వీసా, ప్లేనోలో ఇల్లు, కూతురు ఉజ్వల, అన్నీ వరసగా వచ్చి మీద పడేసరికి ఆ పిచ్చి ఏ మూలో నక్కింది. ఇప్పుడు ఆఫీసులో పక్కన కూర్చునే అనూప్‌కి కాలిఫోర్నియాలో డబ్లిన్ దగ్గర ఉద్యోగం వచ్చింది. తన నల్ల బండిని అమ్మేసి పోతానన్నాడు. "శనివారం దాకా నీకోసం ఆపుతాను గురూ. తరవాత ఎవరడిగితే వాళ్ళకిచ్చేస్తాను" అని గడువు కూడా పెట్టాడు. శశికాంత్ అప్పటికే వారాంతపు క్లాసులకి వెళ్ళి మోటార్ సైకిల్ లైసెన్సు తెచ్చుకుని సిద్ధంగా ఉన్నాడు. మిగిలింది ఇన్సూరెన్సు ఒక్కటే. అది గంటలో అయిపోయే పని అనుకున్నాడు, పాపం.

మంగళవారం లంచ్ టైములో వీరభద్రరావుగారి దగ్గరికి వెళ్ళాడు. ఇండియన్ గ్రోసరీ షాపు పక్కనే ఆయన ఇన్సూరెన్సు ఆఫీసు. ఊళ్ళో సగంమంది తెలుగువాళ్ళ కార్లూ, ఇళ్ళూ, ప్రాణాలూ ఆయన ఫైళ్ళలోనే ఉంటాయి. ఆయన కంప్యూటర్‌లో ఏదో కొట్టి, కాసేపు చూసి, గడ్డం గోక్కున్నాడు.

"మీ రికార్డు అద్దంలా ఉందండీ శశికాంత్‌గారూ. ఒక్క మచ్చ లేదు. మేడమ్‌గారిదే కొంచెం ఇబ్బందిగా ఉంది. అందుకే రేటు ఇంత చూపిస్తోంది" అని తెర ఇటు తిప్పాడు.

ఆ అంకె చూసి శశికాంత్ కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. "మా ఆవిడకేం సంబంధమండీ? బండి నాది, లైసెన్సు నాది, తోలేది నేను" అన్నాడు.

"ఒకే ఇంట్లో ఉంటారు కదండీ. ఇంట్లో లైసెన్సున్న వాళ్ళందర్నీ కంపెనీ చూస్తుంది. రేపు ఆవిడ తాళం తీసుకుని బండెక్కితే?"

"మృదులా? మోటార్ సైకిలా? ఆవిడ ఫ్రీవే మీద కారే ఎక్కదండీ!"

"ఆ సంగతి కంప్యూటర్‌కి తెలీదు కదండీ."

శశికాంత్‌కి బుర్ర తిరిగిపోయింది. తోలని మనిషి తోలుతుందేమోనని, తోలే మనిషి చేత డబ్బు కట్టిస్తారా? ఇదెక్కడి న్యాయం? "పోనీ విడివిడిగా ఉంటేనో?" అని అడిగేసి, అడిగాక నాలుక కరుచుకున్నాడు.

"తగ్గుతుందండీ. కానీ బండి కోసం ఇంతవరకూ ఎవరూ అంత దూరం పోలేదు" అన్నాడు వీరభద్రరావు, నవ్వకుండా. తరవాత వివరాలు చదివాడు. రెండేళ్ళ కిందట స్పీడింగ్ ఒకటి. పోయినేడాది ఎడమవైపు మలుపులో యాక్సిడెంటు, తప్పు ఆవిడదే అని నమోదు.

"ఆ రెండూ కట్టేశానండీ! వచ్చిన వారంలోనే చెక్కు రాసి పంపించాను. ఒక్కటి కూడా పెండింగ్‌లో పెట్టలేదు."

వీరభద్రరావు కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టాడు. "అక్కడే వచ్చిందండీ చిక్కు. ఇక్కడ కట్టడమంటే తప్పు ఒప్పుకోవడం. ఆ కాగితం మీదే రాసుంటుంది. మొదటిదానికి ఆన్‌లైన్‌లో ఒకపూట క్లాసు చేస్తే కొట్టేసేవాళ్ళు. రెండోదానికి కోర్టుకి వెళ్ళి మా తప్పు కాదని చెప్పుకోవచ్చు. మనవాళ్ళందరిదీ ఇదే వరసండీ. కోర్టు అన్న మాట చూడగానే చెక్‌బుక్ బయటికి తీస్తారు."

కట్టేస్తే కొట్టేస్తారని కదా శశికాంత్ ఇన్నాళ్ళూ అనుకున్నది! ఒంగోలులో ట్రాఫిక్ పోలీసుకి చలానా కడితే ఆ రోజుతో ఆ కథ ముగిసేది. ఇక్కడ అదే పని చేస్తే కథ మొదలవుతుందని అతనికి ఎవరు చెప్పారు గనక?

"ఒక దారుంది" అని వీరభద్రరావు ఒక ఫారం ప్రింటు తీశాడు. "మేడమ్‌గారు ఈ బండి తోలరు, తోలితే కంపెనీకి బాధ్యత లేదు అని దీని మీద ఇద్దరూ సంతకాలు పెట్టండి. అప్పుడు ఆవిడ రికార్డు లెక్కలోకి రాదు."

"వెనకాల కూర్చోవచ్చాండీ?"

"కూర్చోవచ్చు. తోలకూడదు."

"మరి కారు?"

"కారు సంగతి వేరండీ. ఇది బండి వరకే."

శశికాంత్ ఇంకో రెండుసార్లు అదే ప్రశ్న అడిగి, రెండుసార్లూ అర్థమైనట్టు తలూపాడు. లేవబోతుంటే వీరభద్రరావు, "ఇంకేం టిక్కెట్లు లేవు కదా? మూడోది పడితే కారు రేటు కూడా పెరుగుతుంది" అన్నాడు. "అబ్బే, లేవండీ" అని గబుక్కున బయటపడ్డాడు శశికాంత్. ఆ మూడోది అప్పటికే మృదుల సంతకంతో, చెక్కుతో సహా కవర్లోకెక్కి, స్టాంపు అంటించుకుని అతని ఆఫీసు బ్యాగులో ఉంది.

వాళ్ళింట్లో కాగితాలన్నీ శశికాంత్ శాఖ. మృదుల డిపెండెంట్ వీసా మీద వచ్చిన రోజుల్లో మొదలైంది ఆ పద్ధతి. ఫారం అతను నింపుతాడు, సంతకం పెట్టాల్సిన చోట పెన్సిలుతో ఇంటూ గుర్తు పెడతాడు, మృదుల ఒక చేత్తో గరిటె పట్టుకునే రెండో చేత్తో సంతకం గీకేస్తుంది. వీసాలు, టాక్సులు, ఇంటి లోను, పిల్ల స్కూలు, అన్నీ అలాగే గట్టెక్కాయి. తన పద్ధతి మీద శశికాంత్‌కి కాస్త గర్వం కూడా ఉండేది.

కారులో కూర్చున్నాడు గానీ తాళం తిప్పబుద్ధి కాలేదు. పోయినేడాది యాక్సిడెంటు రోజు గుర్తొచ్చింది. మృదుల వణుకుతూ ఇంటికి వచ్చి, "సిగ్నల్లో నాకు గ్రీన్ యారో ఉంది శశీ. వాడే ఆగకుండా వచ్చాడు. వెనక కారులో ఆవిడ చూసింది, ఫోన్ నంబర్ కూడా ఇచ్చింది" అని ఆ చీటీ చూపించింది. "గ్రీన్ కార్డు అప్లికేషన్ నడుస్తుంటే కోర్టు గొడవేమిటి? కోర్టు మెట్లెక్కడం మా ఇంటా వంటా లేదు. నేను సెటిల్ చేస్తాలే" అన్నాడు తను. ఆ తరవాత మృదుల ఫ్రీవే ఎక్కడం మానేసింది. అర్వింగ్‌లో మంచి ఉద్యోగం వస్తే, "అంత దూరం నావల్ల కాదు" అని వదిలేసింది. నలుగురిలో తను, "మా ఆవిడ డ్రైవింగ్ సంగతి మీకు తెలుసుగా" అని జోకులు కూడా వేశాడు. మొదట్లో నవ్వేది, తరవాత నవ్వడం మానేసింది. ఎందుకు మానేసిందో అతను అడగలేదు.

సిగ్గేసింది. అయినా శనివారం గుర్తొచ్చింది. మనిషి బుద్ధి అలాంటిది మరి.

సాయంత్రం మృదుల దొండకాయలు వేయిస్తుంటే గట్టు మీద ఫారం పెట్టాడు, ఇంటూ గుర్తుతో సహా. "ఇక్కడొక సంతకం పెట్టు" అన్నాడు, మామూలుగా వినిపించేలా. మృదుల పెన్ను అందుకుంది. ఆ ఇంటూ మీద ఆనించబోయి ఆగింది. పై వరసలో పెద్ద అక్షరాలతో తన పేరే ఉంది మరి.

"ఏమిటిది?"

"ఏం లేదు, బండి ఇన్సూరెన్స్. నువ్వు తోలవు అని. అంటే నువ్వు ఎలాగూ తోలవుగా. వెనకాల కూర్చోవచ్చట. కారుకి సంబంధం లేదు. నీ రికార్డు వల్ల రేటు ఎక్కువొస్తోందని, అది లెక్కలోకి రాకుండా..."

"నా రికార్డేమిటి? సెటిల్ చేశానన్నావుగా?"

"చేశాను. కట్టేశాను."

"కట్టేశావా, కొట్టేయించావా?"

"రెండూ ఒకటే అనుకున్నాను" అన్నాడు శశికాంత్.

మృదుల పొయ్యి కట్టేసింది. "అంటే తప్పు నాదేనని నేనే సంతకం పెట్టానా?"

"నేను ఇంటూ పెట్టాను... నువ్వు సంతకం పెట్టావు."

ఆమె అరవలేదు. అరిచినా బాగుండేది. "వాళ్ళు విచారించి తేల్చారనుకున్నాను శశీ. చూసినావిడని అడిగి, అన్నీ చూసి, తప్పు నాదేనని తేల్చారనుకున్నాను. నాకు యారో కనిపించిన మాట నిజమేనా, లేక నా కళ్ళే నన్ను మోసం చేశాయా అని ఏడాది నుంచీ నన్ను నేనే నమ్మడం లేదు. స్టీరింగ్ పట్టుకుంటే చేతులు చెమటలు పట్టేవి. ఎవరూ తేల్చలేదా? నువ్వు తేల్చేశావా?"

శశికాంత్ దొండకాయల వంక చూస్తూ నిలబడ్డాడు.

"మరి మొన్న పడిన మూడో టిక్కెట్ ఎక్కడుంది?" అంది మృదుల. అతను బ్యాగులోంచి కవరు తెచ్చిచ్చాడు. మృదుల దాన్ని చింపి, లోపలి చెక్కు అతని చేతిలో పెట్టి, తను సంతకం పెట్టిన కాగితాన్ని మొదటిసారి చదివింది. పక్క ఊరి స్కూల్ జోన్‌లో స్పీడింగ్. గడువు గురువారం. టిక్కెట్ పడిన తేదీ చూసి ఫ్రిజ్ మీదున్న స్కూలు క్యాలెండర్ లాగింది. "ఇదిగో, ఆ రోజు అన్ని స్కూళ్ళకీ సెలవు. స్పీడు తగ్గించమనే లైటు అక్కడ వెలగలేదని నేను నీకు చెప్పాను. విన్నావా?"

హాల్లోంచి ఎనిమిదేళ్ళ ఉజ్వల అరిచింది. "ఎస్, నో స్కూల్ డే అది! నేను కార్‌లో ఉన్నా, డాడీ. లైట్ ఆఫ్ ఉంది."

ఇంట్లో పిల్లకి కూడా తెలిసిన సంగతి తనకి తెలియలేదు. అంత గందరగోళంలోనూ శశికాంత్, "మరి ఈ బండి కాగితం..." అన్నాడు. మృదుల దాన్ని మడిచి తన హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుంది. "గురువారం చూద్దాం. కారు తాళాలు ఇటివ్వు."

గురువారం పొద్దున్న మృదులే తోలింది. ఫ్రీవే మీదికి ఎక్కే మలుపులో శశికాంత్ కాలు తనవైపు లేని బ్రేకుని నొక్కింది. పక్కనుంచి ఒక ట్రక్కు హోరుమంటూ వెళ్ళింది. మృదుల పెదవి కొరుక్కుంది, అద్దంలో చూసింది, లేను మారింది. కారు సాఫీగా పోతోంది. ఈ మనిషి బాగానే తోలుతుందే, అనుకున్నాడు శశికాంత్. ఆ మాట ఎప్పుడో తనకి తెలిసిందే. ఎప్పుడు మరిచిపోయాడో తెలియలేదు.

కోర్టు అంటే బోను, నల్లకోటు, సుత్తి ఊహించుకుని వెళ్ళాడు. తీరా చూస్తే బ్యాంకులాగా ఒక కిటికీ, వెనకాల చేతి గడియారం చూసుకుంటున్న ఒకావిడ. టిక్కెట్ తీసుకుని, తప్పు ఒప్పుకుంటారా అని అడిగింది. అలవాటుకొద్దీ శశికాంత్ నోరు తెరిచాడు. మృదుల అతని వంక చూడకుండానే, "నాట్ గిల్టీ" అంది. గొంతు కొంచెం పెద్దదే అయింది. వరసలో వెనకున్నవాళ్ళు తలలెత్తి చూశారు.

కిటికీ వెనకావిడ ఒక ఫారం ఇటు తోసింది. సంతకం ఎక్కడో చూపించడానికి శశికాంత్ వేలు పెట్టాడు.

"చేయి తియ్యి. చదవనీ."

మృదుల మొదటి అక్షరం నుంచీ చదివింది. వెనకాల వరస పెరిగింది. ఎవరో దగ్గారు. శశికాంత్ వెనక్కి తిరిగి వరస వంక చూశాడు. ఆమె మాత్రం తీరిగ్గా రెండో పేజీ తిప్పింది, చదివింది, సంతకం పెట్టింది. వచ్చే నెల విచారణకి తేదీ ఇచ్చారు. గెలుస్తుందో లేదో చెప్పలేం. పాత రెండూ మూడేళ్ళు నిండేదాకా రికార్డులో ఉండనే ఉంటాయి.

పార్కింగ్‌లో కారు ఎక్కాక ఆమె హ్యాండ్‌బ్యాగులోంచి బండి కాగితం తీసింది. స్టీరింగ్ మీద పెట్టుకుని అదీ మొత్తం చదివి, తన పేరు దగ్గర సంతకం పెట్టింది. ఆ పక్కనున్న పెన్సిలు ఇంటూ గుర్తుని, బ్యాగులో ఉన్న ఉజ్వల పెన్సిలు వెనక రబ్బరుతో తుడిచేసింది.

"నీ బండి నువ్వు తెచ్చుకో" అంది.

శశికాంత్‌కి ప్రాణం లేచొచ్చింది. చెయ్యి చాచాడు. మృదుల కాగితం ఇవ్వలేదు. అడుగున అతను సంతకం పెట్టాల్సిన గీత ఉంది. దాని పక్కన పెన్సిలుతో ఒక ఇంటూ గుర్తు పెట్టి, అప్పుడు అతనికి అందించింది.

"చదివి పెట్టు."

అతను పెన్ను తీసి, గుర్తు దగ్గర ఆనించి, ఆగాడు. నిజానికి ఆ కాగితం అతను కూడా చదవలేదు. అదే కాదు, పాత రెండు కాగితాలూ చదవలేదు. పెన్ను మూసి మొదటి వరస నుంచీ మొదలుపెట్టాడు. చాలాసేపు పట్టింది. మృదుల ఏసీ వేసి, కారు స్టార్ట్ చేసి ఉంచి, కూర్చుంది.