మొదటి మునుం

ఎండ నడినెత్తికి వచ్చేసరికి తారి తన మునుంలో, అంటే తన వంతు సాలులో, చివరికంటా కాయలు ఏరి నడుము నిలబెట్టింది. మిగతా ఆడవాళ్లు వెనక తమ తమ సాళ్లలో ఇంకా మిరపచెట్ల మీద వంగే ఉన్నారు. ఘాటుకు ముక్కు కారుతోంది, వేళ్లు మంటెత్తుతున్నాయి. అయినా గట్టు మీద కౌలుదారు రాజేందర్ ఫోన్ తన వైపే తిరిగి ఉండటం చూసి తారి చెంగుతో ముఖం తుడుచుకుంది.

"చూడుండ్రి, పని అంటే గిట్లుండాలె! మిషను లెక్క పోతాంది తారి. గీ వీడియో స్టేటస్ పెడ్త," అంటూ రాజేందర్ కూల్‌డ్రింకు సీసా ఆమె ఒక్కదానికే అందించాడు.

"తాగు తారీ, తాగు. నువ్వు ఉరుకుతాంటే ఇక్కడ మా నడుములు ఇరుగుతున్నయ్," అంది వెనక సాలులోంచి విజయ.

ఆ ఎత్తిపొడుపు తారికి గుచ్చుకోలేదు. తండాలో పుట్టి ఇంకో తండాకు కోడలైన ఆమెను "మంచిగ చేసినవ్" అన్నవాళ్లు లేరు. అన్నం మాడిన రోజే ఇంట్లో ఆమె పేరు వినపడేది. మిరప ఏరడం నేర్పిన చిలుకమ్మ కూడా ఎన్నడూ మెచ్చుకోలేదు. పనిచేసే చేతిని మొహం మీద పొగిడితే దిష్టి తగులుతుందని ఆ కూలి ఆడవాళ్ల భయం.

మొదటి మునుం పట్టిన మనిషి ఎంత వేగంగా పోతే మిగతావాళ్లూ అంతే పోవాలి. వారం నుంచి రాజేందర్ అది తారికే ఇస్తున్నాడు. మెచ్చుకున్న కొద్దీ ఆమె చేతులు ఇంకా ఉరికాయి.

సాయంత్రం తలా నాలుగు వందలు పంచుతూ రాజేందర్ చిలుకమ్మ దగ్గర ఆగాడు.

"అవ్వా, రేపటి సంది రాకు. తారి మునుం అయిపోయేటాల్లకు నీది సగం గూడ ఐతలేదు. నేను గూడ కౌలు చేసేటోన్నే, ఏం జెయ్యాలె."

"మొన్నటిదాక అందరితోటి సమానంగనే వచ్చిన గద కొడుకా?"

"పని ఎంత ఐతదో తారిని జూసినంకనే ఎరుకైంది అవ్వా."

చిలుకమ్మ నోట్లు కొంగున ముడేసుకుని నడిచింది. తారి వెనకే పరుగెత్తింది.

"అవ్వా, గిట్లయితదని నాకు ఎరుక లేదు..."

"నీకేంది బిడ్డా, నీ చేతులు బంగారం. నా కన్నబిడ్డకు నేర్పినా గింత మంచిగ రాలే." చిలుకమ్మ ఆగి ఊపిరి పీల్చుకుంది. "గీ మాట ఎన్నడో అందామనుకున్న. దిష్టని ఊకున్న. ఇగ నీతోని పనికి రాను గద, అందుకే అంటున్న."

ఎవరి నోటనైనా వినాలని తారి ఇన్నేళ్లు ఆశపడ్డ మాట అది. విని, ఆమె గట్టు మీద కూర్చుండిపోయింది. చిలుకమ్మ నడుము మీద చెయ్యి వేసుకుని ఊరి తోవ పట్టింది.

తెల్లారి ఆటో దిగినవాళ్లలో చిలుకమ్మ లేదు.

"రా తారీ! ఈ చేనుకు మహారాణివి నువ్వే. పట్టు మొదటి మునుం," అన్నాడు రాజేందర్.

తారి కదల్లేదు. "నన్ను మెచ్చుకోకు అన్నా."

"ఏమైంది? మంచిమాటే గద అన్నది."

"నీ మంచిమాటకు అవ్వ పని పోయింది. అవ్వను పిలిపియ్యి. అప్పటిదాక మొదటి మునుం పట్టను."

రాజేందర్ నవ్వు తెచ్చుకుని పక్కకు తిరిగాడు.

"విజయక్కా, నువ్వు రా. నిజం చెప్పాలంటే నీ అసొంటి పనిమంతురాలు ఈ మండలంలనే లేదు."

కాయలు వేసుకునేందుకు ఒడి కట్టుకుంటున్న విజయ చేతులు ఆగిపోయాయి. ఆమె తారి మొహం చూసింది. ఎర్రగా పండి నిలబడ్డ మొదటి సాలునూ చూసింది.