తలుపు వేసుకుని స్నానం

ఎనిమిదేళ్ళుగా ఆమెది కాకి స్నానమే. తలుపు జానెడు తెరిచిపెట్టి, ఒక కన్ను బయట కూర్చున్న పాప మీద వేసి, సబ్బు పోయిందో లేదో చూసుకోకుండానే నైటీ తగిలించుకుని బయటపడేది. అమ్మ కనబడకపోతే పాప తల నేలకేసి కొట్టుకుంటుంది. ఎదుగుదల వయసుకు తగ్గట్టు లేదు, మాటలింకా రాలేదు. కావలసింది చెప్పడానికి దానికున్నది ఆ తలే.

అందుకే కొత్త థెరపిస్టు కాగితం ముందు పెట్టుకుని, "ఈ నెల ఇంట్లో ఏది మారితే మీకు బాగుంటుందమ్మా?" అని అడిగితే, తన వెనక ఇంకెవరైనా నిలబడ్డారేమోనని తిరిగి చూసింది. ఇదివరకటివాళ్ళు లక్ష్యాలన్నీ వాళ్ళే రాసిచ్చేవారు. పాప కుర్చీలో కూర్చోవాలి, పూసలు గుచ్చాలి. దగ్గరుండి రోజూ రెండు గంటలు చేయించేది ఎవరో ఎవరూ అడగలేదు. అడగడానికేముంది?

"తలుపు వేసుకుని స్నానం చేయాలండీ," అంది. అన్నాక సిగ్గేసింది. ఇంతకన్నా పెద్ద కోరికేదైనా కోరాల్సిందేమో.

థెరపిస్టు నవ్వకుండా రాసుకుంది. "ఆ టైములో ఇంట్లో ఇంకెవరుంటారు?"

"మా ఆయన. పేపరు చదువుకుంటూ."

"అయితే పాప దగ్గర ఆయన కూర్చోవాలి. మొదట ఒక్క నిమిషం, తర్వాత రెండు, అలా పెంచండి. తలుపు ఎన్నిసార్లు చప్పుడైందో గీతలు గీసుకురండి," అని, ఇసుక జారే గాజు గడియారం ఒకటి ఇచ్చింది. ఇసుక అయిపోతే అమ్మ వచ్చేస్తుందని పాపకి చూపించాలట.

ఇంటికొచ్చి చెబితే మొగుడు, "నేనా?" అన్నాడు. ఆఫీసులో నలభై మందికి పనులు పురమాయించే మనిషి. "అది నా మాట వింటుందా? నీకంటే అలవాటు."

అత్తగారు కూరగాయలు తరుగుతూ, "నలుగుర్ని పెంచాను. తలుపు సంగతి నాకెప్పుడూ గుర్తుకే రాలేదమ్మా," అంది.

అందులో దెప్పు ఎంతో, దిగులు ఎంతో తెలుసుకోవాలనిపించింది. "మీరెప్పుడైనా వేసుకున్నారా, అత్తయ్యా?" అని అడిగింది. అత్తగారి కత్తి ఆగింది.

పాప తల కింద దెబ్బ తగలకుండా మందపాటి పరుపు వేశారు. మొదటి రెండు రోజులూ ఏడ్చింది, తల పరుపుకేసి కొట్టుకుంది. లోపల ఆమె ఒంటి మీద చుక్క నీళ్ళు పడలేదు. పంపు కట్టేసి, చెవి తలుపుకి ఆనించి నిలబడింది. మూడో రోజు పాప ఉలుకూ పలుకూ లేదు. భయమేసి తలుపు కిందనున్న సందులోంచి వంగి చూసింది. పాప బోర్లా పడుకుని, గడ్డం కింద చేతులు పెట్టుకుని, ఇసుక జారడం చూస్తోంది. దాని పక్కన ఒక జత మగ పాదాలు, కాలుకాలిన పిల్లిలా ఇటూ అటూ తిరుగుతున్నాయి.

తలుపు మీద టకటకమంది.

"దీని గ్లాసెక్కడ?"

నిమిషానికల్లా మళ్ళీ. "ముక్కు కారుతోంది. ఏం చేయాలి?"

మర్నాడు, "ఇంకా ఎంతసేపు?"

ఆమె తడిచేత్తో తలుపు వెనక తగిలించిన కాగితం మీద గీతలు గీస్తూ పోయింది. నవ్వొచ్చింది, గుండె కలుక్కుమంది కూడా. నేను లేకపోతే పాపకి గడవదనుకోవడంలో నాకూ కాస్త గర్వం ఉండేదా? ఆ ప్రశ్న బాధపెట్టింది. అయినా వదలబుద్ధి కాలేదు. ఆ రోజు తలంటుకుంది.

నెలాఖరుకి ఇద్దరూ కలిసి వెళ్ళారు. థెరపిస్టు గీతలు లెక్కపెట్టింది. "పదిహేడు. ఫరవాలేదు, పాప నెమ్మదిగా తగ్గిస్తుంది."

"పాప ఒక్కసారీ కొట్టలేదండీ," అంది ఆమె. "అన్నీ ఈయనే."

ఆయన ఫోన్‌లోకి తల దూర్చాడు. థెరపిస్టు కొత్త కాగితం తీసి, కలంతో పాటు ఆమె ముందుకు జరిపింది.

ఆమె నింపింది. లక్ష్యం ఎవరికి: నాన్నకి. ఏమిటి: పాప దగ్గర ఇరవై నిమిషాలు, తలుపు కొట్టకుండా. అడుగున "సహాయపడేవారు" అని ఒక గడి మిగిలింది. ఇన్నేళ్ళ కాగితాల్లోనూ ఆ గడిలో "తల్లి" అనే ఉండేది.

"నీ పేరు రాయి," అన్నాడాయన మెల్లగా. "దగ్గరుండి చెబితే నేర్చుకుంటాను."

ఆమె ఆ గడిలో "పాప" అని రాసింది.