గడి వంతు

దొర ఉండే గడిలో వడ్లు దంచి వచ్చిన రోజు బిక్షమ్మ వేళ్ళు ముడుచుకునేవి కావు. అయినా ఇంటికి రాగానే పొయ్యి రాజేయాల్సింది ఆమే, జొన్న గట్క వండాల్సింది ఆమే. దొర ఇంటి వెట్టికి కూలి లేదు. సొంత ఇంటి వెట్టికి కూలి అడగొచ్చని ఆమెకు తోచనేలేదు.

ఆ ఏడు ఆమెకు చలిజ్వరం పట్టుకుంది. గడిలో వెట్టి వంతు తప్పితే దొర మనుషులు ఇంటి మీదికి వస్తారు. తల్లికి చేతకాకపోతే బిడ్డ పోవడం ఆ ఊరి ఆనవాయితీ. పద్నాలుగేళ్ళ కూతురు సైదమ్మను పొమ్మంది.

"నేను పోను," అంది సైదమ్మ. "నిన్ను గూడ అమ్మమ్మ గీ ఒక్కనాటికే అని తోలిందట గద. మల్ల గడి ఇడిసినవా?"

ఆ మాట సూటిగా తగిలింది. తగిలినందుకే బిక్షమ్మ చేతిలోని తెడ్డుతో బిడ్డను కొట్టింది.

"బిడ్డను అదుపుల పెట్టుడు చేతగాదు నీకు," అన్నాడు మొగుడు కురుమయ్య, మంచం దిగకుండానే. గట్క మాడినా, మేక తప్పిపోయినా ఆయనకు ఆమే కనిపించేది. ఈసారి మాట పడకూడదనుకుంది బిక్షమ్మ. జ్వరంతోనే పోలీసు పటేలు దగ్గరికి పోయింది. ఊళ్ళో సర్కారు పోలీసంటే ఆయనే. అన్నదమ్ముల కొట్లాటలు కూడా ఆయన గదమాయిస్తే సద్దుమణిగేవి. ఆయన దొరకు దాయాది అని ఆమెకు తెలియక కాదు, ఆ ఘడియకు గుర్తు చేసుకోదలచుకోలేదు.

"గడికి పొమ్మంటే నా బిడ్డ ఇంటలేదు పటేలా. జర బెదిరియ్యు, గంతే," అంది.

తెల్లారి పటేలు జవాన్లు ఇద్దరు వచ్చి సైదమ్మను చావడికి ఈడ్చుకుపోయారు. వంగబెట్టి వీపు మీద బండ ఎత్తారు. వెట్టి ఎగ్గొట్టిన మగవాళ్ళకు వేసే శిక్ష అది. పిల్ల ఏడవడం లేదు, తల్లి వైపు చూడడమూ లేదు. తిట్టినా బాగుండుననిపించింది బిక్షమ్మకు. పగవాళ్ళు చేసిన పని కాదిది, కన్నదాన్ని నేనే చేశాను అనుకుంది. బిడ్డ అన్నదాంట్లో అబద్ధం ఏముంది? తల్లి తనను తోలిన రోజు తనకూ పోబుద్ధి కాలేదు. పోనని అనడానికి తనకు నోరు రాలేదు, దీనికి వచ్చింది. అందుకే కదా తెడ్డు పట్టుకుంది!

"ఇప్పటికన్న బుద్ధొస్తది," అని పక్కన గొణిగాడు కురుమయ్య. ఆమె అటు చూడలేదు.

పటేలు చుట్ట ఆర్పి, "పోరి తనంతల తాను గీ మాట అనదు. గడికి పోవద్దని దీనికి ఎవలు జెప్పిన్రే? పేరు జెప్పు, ఇడిసిపెడ్త," అన్నాడు.

బిక్షమ్మ కొంగు నడుముకు చుట్టుకుని బిడ్డ పక్కకు పోయి వంగింది.

"నిన్న నీకు అబద్ధం జెప్పిన పటేలా. పోవద్దని జెప్పింది నేనే. ఆ బండ నా మీద ఎత్తు."