పొట్ట బిగబట్టి ఇచ్చిన కొలత

ఫిలోమినా, ఆ పీట ఇటు జరుపుకుని నా దగ్గరగా కూర్చో. నకరికల్లులో మీ అన్న కృపావరానికి కూడా ఆ వణుకు జబ్బే అన్నారనీ, రోజూ ఫోనులో డైరీ నింపమన్నారనీ చెప్పావు కదా. అందుకే పిలిచాను. గొంతు పెంచే ఓపిక లేదు నాకు.

మా ఆయన అబ్దుల్ జబ్బార్ సంగతి నీకు తెలియందేముంది? ఈ నరసరావుపేటలో నలభై ఏళ్ళు కుట్టుమిషను తొక్కిన మనిషి. ఆయన కుట్టిన గుండీ కాజాకి దారం లేచిందని ఎవరూ తిరిగి రాలేదు. ఆ చేతికే పార్కిన్సన్ వచ్చింది. పొద్దున ఎనిమిదింటికి మాత్ర పడితే పదిన్నర దాకా మనిషి మనిషిలా ఉంటారు. ఆ తరవాత ఒళ్ళు కొయ్యబారిపోతుంది, వేళ్ళు వణుకుతాయి. రెండింటికి మళ్ళీ మాత్ర పడేదాకా నీళ్ళు నేనే తాగించాలి, చొక్కా గుండీలు నేనే పెట్టాలి.

గుంటూరు డాక్టరు నా ఫోనులో డైరీ పెట్టించాడు. గంటగంటకీ మోగుతుంది. మూడు రంగులు వస్తాయి. ఒళ్ళు తేలిగ్గా ఉంటే ఆకుపచ్చ, బిగుసుకుని వణుకుతుంటే పసుపు, అసలు కదల్లేకపోతే ఎరుపు. చదువు రానిదానికి రంగులు చాలు. నొక్కిందంతా ఆస్పత్రిలో కనపడుతుందట, దాన్నిబట్టే మందు మారుస్తారట.

మూడు వారాలు నొక్కాను. గిన్నెలు తోముతూ, తడి చెయ్యి కొంగుకు తుడుచుకుని మరీ నొక్కాను. అది మోగగానే “ఎట్లా ఉందండీ?” అని అడిగేదాన్ని. ఆయన “అల్లా దయ, బాగానే ఉంది” అనేవారు. అంతే, ఆకుపచ్చ. ఎవరడిగినా మన ఇళ్ళల్లో అదే కదా జవాబు. మీరు ప్రభువు కృప అంటారు, మేము ఇట్లా షుక్ర్ చెప్పుకుంటాం, కృతజ్ఞత అన్నమాట. గ్లాసు చేతిలోంచి జారిపోయిన రోజు కూడా అదే మాట, అదే రంగు.

ఒక శుక్రవారం పొద్దున ఆస్పత్రి నుంచి దీపిక అనే నర్సమ్మ ఫోను చేసింది.

“అన్నీ ఆకుపచ్చే ఉన్నయ్ మామ్మా. మందు బాగా పనిచేస్తంది. ఇంకో మూడు నెలలు ఇదే వాడమన్నారు డాక్టరు గారు.”

సరే అని పెట్టేసి, ఆ మాటే ఆయనకు చెప్పాను.

ఆ మధ్యాహ్నం జుమ్మా నమాజుకు బయలుదేరుతూ, గుండీలు తనే పెట్టుకుంటానన్నారు ఆయన. మొదటిదాని దగ్గరే వేళ్ళు ఆడలేదు. నేను చెయ్యి వేయబోతే విదిలించారు. మసీదు మైకులో నమాజు మొదలైపోయింది. తెరిచిన చొక్కాతోనే మంచం మీద కూలబడి, “మూడు నెలలంటే ఇంకా పన్నెండు జుమ్మాలు” అన్నారు.

మా మనవరాలు జెబా కాలేజీ నుంచి వచ్చి, ఫోను చూసి తల పట్టుకుంది.

“అన్నీ గ్రీనేంది దాదీ? ఎవరు నొక్కారు?”

“నేనే. మీ దాదా చెప్పిందే నొక్కా.”

“ఇంకేం చెప్పమంటావే? అల్లా ఇచ్చిన ఒంటి మీద ఫోనుకు ఫిర్యాదు చేసేదా?” అన్నారాయన.

ఎన్నాళ్ళదో అలసట, నా గొంతులోకి వచ్చింది.

“కొలతలిచ్చేటప్పుడు పొట్ట బిగబట్టేవాళ్ళను మీరేమనేవాళ్ళు?”

ఆయన తల అటు తిప్పుకున్నారు.

“చెప్పండి, పిల్ల వింటది.”

“ఊపిరొదులు నాయనా, రేపు చొక్కా పట్టనిది నాకు కాదు, నీకు, అనేవాణ్ణి.”

జెబా నవ్వు ఆపుకోలేకపోయింది.

“మరి మూడు వారాలుగా మీరు చేసిందేంది?”

ఆయన జెబా చేతిలో ఫోనుకేసి చూపించారు. “షుక్ర్ అల్లాకు చెప్పుకుంటాలే. దానికి ఉన్నది ఉన్నట్టు నొక్కు.”

మర్నాటి నుంచి అడగడం మానేశాను. ఫోను మోగితే గ్లాసుతో నీళ్ళు ఆయన చేతికిచ్చి చూసేదాన్ని. ఒలకకపోతే ఆకుపచ్చ, ఒలికితే పసుపు, పట్టుకోలేకపోతే ఎరుపు. జరిగిన పొరపాటు జెబా దీపికకు చెప్పింది. రెండు వారాల రంగులు చూసి డాక్టరు పదకొండింటికి ఇంకో మాత్ర కలిపాడు.

జబ్బు పోలేదు ఫిలోమినా, పోదట కూడా. నా అలసటా పోలేదు. నిన్న జుమ్మాకు మాత్రం అయిదు గుండీల్లో మూడు ఆయనే పెట్టుకున్నారు. మిగతా రెండూ నన్ను పెట్టమన్నారు, విదిలించలేదు.

రేపు చర్చి అయ్యాక మీ అన్న దగ్గరికి పోతావుగా. ఆయనా అడిగితే బాగున్నాననే మనిషే. ఇదంతా గుర్తుపెట్టుకుని ఆయనకూ మీ వదినకూ చెప్పు. పొట్ట బిగబట్టొద్దన్న మాట మాత్రం మర్చిపోకు.